బారల లెక్క: కళింగ తీరము నుండి సౌరాష్ట్రమునకు

మన పాఠశాలల గోడలకు వ్రేలాడు భారతదేశ పటములలో కొండలు గోధుమవన్నెను, మైదానములు పచ్చవన్నెను తాల్చి భూమి ఎత్తుపల్లములను చెప్పుచుండగా, సముద్రము మాత్రము ఒడ్డు మొదలుకొని పటపు అంచుదాక ఒక్కటే నీలిరంగుగా నుండును. ఆ పటమును చూచి పెరిగిన బాలునకు కళింగపట్నము ఎదుటి సముద్రమును, గుజరాతులోని వేరావలు ఎదుటి సముద్రమును ఒకే తీరున తోచుట సహజము. కాని శ్రీకాకుళము జిల్లాలోని మత్స్యలేశము, బడివానిపేట, ఇప్పిలి గ్రామములనుండియు, విజయనగరము జిల్లా భోగాపురము మండలములోని ముక్కామునుండియు ఏటేట వేలకొలది యువకులు తమ ముంగిటి సముద్రమును విడిచి, రైలుదారిలో రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరము ప్రయాణించి, ఆ రెండవ సముద్రముపై వేటకు పోవుచున్నారు. సముద్రము లేని ఊరివాడు సముద్రమును వెదకికొనుచు పోయినచో అందు వింత లేదు. ఇంటి గడపకు నూరడుగుల దూరమున సముద్రమున్నవాడు మరియొక సముద్రమునకు కూలికి పోవుటయే ఆలోచింపదగిన విషయము.

నాగావళి సముద్రమున కలియు చోటికి కొంత ఉత్తరముగా ఒక పల్లెలో, తెప్పనీడన కూర్చుండి చిరిగిన వలకు ముడులు వేయుచున్న ఒక వృద్ధుని నేనీ మాట అడిగితిని. ఆయన వల ప్రక్కనుంచి, ఇసుకను అరచేతితో చదును చేసి, వ్రేలితో రెండు గీతలు గీసెను. మొదటిది ఒడ్డునుండి జానెడు దూరము పోయి నిట్టనిలువుగా క్రిందికి జారెను; రెండవది మూరెడు దూరము పోయినను రవంత వాలెనే కాని జారలేదు. "బాబూ, ఇక్కడ తెల్లారగట్ల బోటేస్తే మద్దేన్నానికి గుండుకి అడుగు అందదు. వేరావల్లో అలా కాదు, పొద్దల్లా నడిచినా నలభై బారలు దాటదు. వలకి అడుగు అందాల గదా, అందుకే కుర్రోళ్ళు అక్కడికి ఎల్తారు" అని చెప్పి, మరల వలను ఒడిలోనికి లాగికొనెను. బార యనగా రెండు చేతులును బారచాచినపుడు ఒక చేతి కొననుండి రెండవ చేతి కొనవరకు గల కొలత, రమారమి ఆరడుగులు. త్రాటికొనకు సీసపు గుండు కట్టి నీటిలో విడిచి, అడుగు తగిలిన పిదప త్రాటిని బారలతో కొలుచుచు పైకి లాగుట మన పల్లెకారులకు తరతరములుగా వచ్చిన విద్య. భూగోళ శాస్త్రజ్ఞులు పెద్ద గ్రంథములలో వివరించు విషయమును ఆ వృద్ధుడు రెండు గీతలలో చెప్పెను. ఈ వ్యాసము ఆ రెండు గీతలకు వ్యాఖ్యానము.

కడలి అడుగున మెట్టు

భూఖండము ఒడ్డుతో అంతము కాదు. ఒడ్డు దాటిన తరువాత కూడ అది నీటి క్రింద మెల్లని వాలుతో కొంత దూరము సాగి, సుమారు 200 మీటర్ల లోతు దగ్గర హఠాత్తుగా వేల మీటర్ల అగాధములోనికి దిగిపోవును. ఆ మెల్లని వాలుగల భాగమును ఖండతీరపు వేదిక యందురు. లోకములోని మత్స్యసంపదలో అధికభాగము ఈ వేదికలమీదనే దొరకును. ఏలయన సూర్యకాంతి చొచ్చునంతటి తక్కువలోతు నీరును, నదులు తెచ్చి పోసిన సారమును, అడుగుననుండి పైకి లేచు ఎరువును ఒక్కచోట కలియునది ఇచటనే. పడవ లాగెడి వల అడుగును రాచుకొనుచు పోవుటకు వీలైన చోటును ఇదియే.

ఉత్తరాంధ్ర ఎదుట ఈ వేదిక వెడల్పు సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. ముంబయికిని, ఖంభాత్ సింధుశాఖకును ఎదుట అది 300 కిలోమీటర్లు దాటును. రాష్ట్రముల లెక్క చూచినచో, చిరకాలముగా పుస్తకములలో నిలిచిన గణనను బట్టి ఆంధ్రప్రదేశపు తీరము పొడవు 974 కిలోమీటర్లు, దాని వేదిక వైశాల్యము సుమారు 33 వేల చదరపు కిలోమీటర్లు. గుజరాతు తీరము పొడవు సుమారు 1,600 కిలోమీటర్లు, వేదిక వైశాల్యము సుమారు 1,84,000 చదరపు కిలోమీటర్లు. అనగా మన తీరమున కిలోమీటరు పొడవు ఒడ్డునకు 34 చదరపు కిలోమీటర్ల సముద్రపు చేను ఉండగా, గుజరాతులో అదే కిలోమీటరు ఒడ్డునకు 115 చదరపు కిలోమీటర్ల చేను కలదు. ఒకే పొడవు గట్టుమీద నిలిచిన ఇద్దరు రైతులలో ఒకని పొలము ఎకరమైనచో రెండవవానిది మూడెకరములకు మించినది.

ఈ భేదము నిన్న నేడు కలిగినది కాదు. సుమారు 13 కోట్ల సంవత్సరములకు పూర్వము భారత భూభాగము అంటార్కిటికానుండి చీలిపోయినపుడు మన తూర్పుతీరమేర్పడినది. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట, దక్కనును లావా ముంచెత్తిన కాలమునకు దగ్గరగా, సేషెల్స్ దీవుల శకలము విడిపోవుటతో పడమటితీరము నేటి రూపమునకు వచ్చినది. పడమటి అంచుమీద సింధు, నర్మద, తపతి నదులు యుగయుగములుగా మట్టిని కుమ్మరించి వేదికను పెంచినవి. మన వంశధార, నాగావళి నదులు ఒక్కొక్కటి 250 కిలోమీటర్ల చిల్లర పొడవుగలవి. కలహండి, రాయగడ కొండలలో పుట్టి, వానకాలమున ఉగ్రములై, వేసవిలో ఇసుకతిన్నెలై మిగులునవి. మహేంద్రతనయ, బాహుద అంతకంటె చిన్నవి. నిట్టచీలికగా ఏర్పడిన మన తూర్పు అంచును పూడ్చి విశాలము చేయు శక్తి ఈ నదులకు లేదు.

ఈ వేదికలు ఒకప్పుడు పొడినేలలు. సుమారు 20,000 సంవత్సరములకు పూర్వము, హిమయుగము పరాకాష్ఠనున్నపుడు, లోకములోని నీరు అధికముగా మంచుగడ్డలలో చిక్కుకొనుటచేత సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువనుండెను. నాడు ఖంభాత్ సింధుశాఖ అంతయు నేలయే. వేరావలు ఉన్నచోట నిలిచిన మనుష్యుడు సముద్రమును చూడవలెనన్న దినములకొలది నడువవలసియుండెను. కళింగపట్నము ఉన్నచోట నిలిచినవాడు ఉదయము బయలుదేరినచో సూర్యాస్తమయమునకు కెరటములను చేరియుండును. నాటి నడకదూరమే నేటి వేటదూరము.

ఉప్పునీటిమీద మంచినీటి దుప్పటి

చేను వెడల్పుగా ఉన్నంతమాత్రాన పంట పండదు, ఎరువు కావలెను. సముద్రపు ఎరువు నత్రజని, భాస్వర లవణములు. చనిపోయిన జీవములు అడుగునకు దిగి కుళ్ళుటచేత అవి లోతునీటిలో పోగగును. వెలుతురు మీద, ఎరువు క్రింద ఉండుటయే సముద్రవ్యవసాయములోని చిక్కు. క్రిందినీటిని మీదికి తెచ్చు ఉపాయమున్నచోట కంటికి కనబడని వృక్షప్లవకములు వర్ధిల్లును. వానిని తిని సూక్ష్మజంతువులు, వానిని తిని కవళ్ళు, నెత్తళ్ళు, వానిని తిని వంజరములు బ్రదుకును.

బంగాళాఖాతమునకు గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి నదులు తెచ్చు మంచినీరు అపారము. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. వానకాలము వెళ్ళిన తరువాత అఖాతపు ఉత్తరభాగమున పైనీటి ఉప్పదనము కిలోగ్రాము నీటికి 30 గ్రాములకంటె తక్కువకు దిగగా, ఉత్తర అరేబియా సముద్రమున 36 గ్రాములకు దగ్గరగా నుండును. ఈ తేలికనీరు దుప్పటివలె పరచుకొని క్రిందినీటిని పైకి రానీయదు. మామూలు గాలికి ఆ దుప్పటిని చింపు బలము చాలదు. తుపాను ఒకటి వచ్చి కలియబెట్టినపుడు మాత్రము కొన్ని దినములు ప్లవకములు వికసించును. ఇండ్లను, తోటలను నేలగూల్చిన గాలియే నీటిలో ఇట్టి పని చేయును.

అరేబియా సముద్రముపై జరుగునది దీనికి విపర్యయము. దానికి ఉత్తరమునను, పడమటను ఎడారులు; వానకంటె ఆవిరి ఎక్కువ. మార్గశిర పుష్యమాసములలో ఉత్తరపు పొడిగాలి వీచినపుడు పైనీరు చల్లబడి, ఆవిరియై, మిగిలిన నీరు మరింత ఉప్పనై బరువెక్కి క్రిందికి దిగును. దాని స్థానమునకు లోతునీరు ఎరువుతో సహా పైకి వచ్చును. కుండలో కాగుచున్న నీరు అడుగుననుండి తిరుగునట్లు ఇచట చల్లదనముచేత నీరు మీదినుండి తిరుగును. నైరుతి ఋతుపవనకాలమున ఒమాను, సోమాలియా తీరములలో గాలి నీటిని నెట్టుటచేత మరియొకసారి ఎరువు పైకి లేచును. కావుననే మన యువకులు అచట వేట చేయు శీతకాలపు మాసములు ఉత్తర అరేబియా సముద్రమునకు పంటకాలములు.

ఇసుక నడిచెడి తీరము

మూడవ కారణము ఒడ్డుననే ఉన్నది. శ్రీకాకుళము తీరము 193 కిలోమీటర్లు, రాష్ట్రమున నాటి పదమూడు జిల్లాల లెక్కలో అన్నిటికంటె దీర్ఘమైనది. విజయనగరమునకు ముప్పది కిలోమీటర్లకు లోపే. ఇంత పొడవున ఒడ్డు దాదాపు తిన్నని ఇసుకరేఖ. నైరుతి గాలి ఏటవాలుగా తెచ్చు కెరటము ఒడ్డును తాకి, ఇసుకను ఈశాన్యదిశగా అడుగడుగున జరుపును. ఈ ఇసుకనడకచేత కళింగపట్నము దగ్గర వంశధార ముఖము, కోనాడ దగ్గర చంపావతి ముఖము వేసవిలో ఇసుకకట్టతో ఇరుకగును, చోటు మార్చును. పడవ దాగుటకు కడుపులోనికి చొచ్చిన వంపు లేదు; పెద్దబోటు నిలుచు రేవు కావలెనన్న విశాఖపట్నము పోవలసినదే.

ఆ తీరమునకు తగిన నావను మన పూర్వులు నిర్మించుకొనిరి. తేలికకర్ర దుంగలను త్రాళ్ళతో కట్టిన తెప్ప కెరటమున మునిగినను తేలును, ఒడ్డున విప్పి ఆరవేయవచ్చును. మేకు కొట్టక, పలకలను కొబ్బరిత్రాటితో కుట్టిన పడవ, కెరటము విసరి ఇసుకపై పడవైచినను పగులక సాగును. నేడు వాని స్థానమున ఫైబరుతెప్ప, ఇంజను వచ్చినవి. అయినను ఒడ్డునకు లాగవలసిన నావ ఎంత పెద్దదగును? నలుగురైదుగురు భుజములు పెట్టి లాగగలిగినంత. అట్టి నావ ప్రాతర్వేళ పోయి సాయంకాలమునకు మరలి రావలెను. మంచు నింపికొని రెండు వారములు సముద్రముపై నిలువజాలదు. ఒడ్డే నావ పరిమాణమును, నావ పరిమాణమే మనుష్యుని సంపాదనను నిర్ణయించుచున్నది.

ఆవలి తీరము, అచటి జనులు

వేరావలు గిర్ సోమనాథ్ జిల్లాకు ముఖ్యపట్టణము. ఈ జిల్లాను 2013 ఆగస్టు 15న జునాగఢ్ జిల్లానుండి వేరుచేసిరి. మన కొండలు ఖొండులపేరున ఖొండలైటు అని పిలువబడు పురాతన శిలలైనచో, అచటివి లావా గడ్డకట్టిన నల్లరాళ్ళు. తీరమున మాత్రము సూక్ష్మజీవుల గుల్లలు కూడుకొని ఏర్పడిన సున్నపురాయి పరచుకొని యున్నది. గట్టిరాతి తీరము, సముద్రములోనికి కట్టిన అడ్డుగోడలు కలిసి వేరావలునకు రేవును సమకూర్చినవి. ఆ రేవుప్రక్కనే కొయ్యబోట్లను కట్టెడి వడ్రంగులు, ఆవలగా చేపలను గడ్డకట్టించు కర్మాగారములు, అటుపైన ప్రభాసపట్టణమున 1951 మే 11న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు సమక్షమున పునఃప్రతిష్ఠ జరిగిన సోమనాథాలయము.

సముద్రముపై బ్రదుకువారు ఖార్వాలు, కోలీలు, మచ్ఛియారాలు. లోపలికి పోయినచో గిర్ అడవి; సింహములుండు ఆ అడవిలో పశువులను మేపుకొని జీవించు మాల్ధారీలు; తాలాలా ప్రాంతపు కేసర్ మామిడితోటలు; జంబూరు గ్రామమున శతాబ్దుల క్రిందట ఆఫ్రికానుండి వచ్చి, గుజరాతీ మాతృభాషగా స్థిరపడిన సిద్దీలు. చోర్వాడ వైపు కొబ్బరితోటలను చూచిన శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు వానికి తన ఊరు జ్ఞప్తికి రాకమానదు. తూర్పుగా ఊనా, జాఫరాబాదుల వైపు పోయినకొలది పోటుపాటుల వేగము హెచ్చును. విశాలమైన వేదికమీద పరుగెత్తి ఇరుకైన ఖంభాత్ సింధుశాఖలో చిక్కిన పోటు భావనగరమువద్ద పది మీటర్లు దాటి లేచును. మన తీరమున అమావాస్య పౌర్ణములకైనను అది మీటరున్నర ప్రాంతముననే యుండును. ఆ వేగమునకు ఎదురుగా సంచివంటి వలను గుంజలకు కట్టి నిలిపినచో, నీరే చేపను తెచ్చి వలలో నింపును. అట్లు పడు చేపలలో ముఖ్యమైనది బొంబిల్, మన విశాఖ రేవులో వానమట్ట యని పిలుచునదే. ఈ చేప గుజరాతు, మహారాష్ట్ర తీరమునను, మరల బంగాళాఖాతపు ఉత్తరభాగమునను దొరకును. నడుమ దక్షిణతీరమున అరుదు. మనుష్యులకంటె ముందు ఈ చేప రెండు సముద్రములను తన ఊళ్ళుగా ఎంచుకొన్నది.

తూర్పుతీరమున ఏప్రిలు 15నుండి జూను 14వరకును, పడమటితీరమున జూను 1నుండి జూలై 31వరకును వేటనిషేధము. పడమటి నిషేధము తొలగు వేళకు మన యువకులు ముందుగా పుచ్చుకొన్న అడ్వాన్సు సొమ్మును ఇంట నిచ్చి బయలుదేరుదురు; అహమ్మదాబాదు చేరి, అటనుండి రాజకోట, జునాగఢ్ మీదుగా వేరావలు పోయి, ఎండకాలమునకు గాని మరలి రారు. బోటును నడుపువాడు తండేలు, తక్కినవారు కళాసీలు. ఈ మాటలకు రెండు తీరములలోను అనువాదము అక్కరలేదు.

ఆ రైలుదారిలోని జునాగఢ్‌లో ఒక శిల కలదు. గిర్నారు కొండపాదమున నున్న ఆ శిలపై అశోకుడు తన ధర్మలిపులను చెక్కించెను. వానిలో పదమూడవది కళింగయుద్ధమున లక్షమంది హతులగుటకు, లక్షాయేబదివేలమంది చెరపట్టబడి తరలింపబడుటకు పశ్చాత్తాపమును తెలుపునది. ఆ శాసనమును కళింగదేశములోని ధౌళి, జౌగడ శిలలపై వ్రాయింపలేదు. కళింగుల దుఃఖము కళింగమున వ్రాయబడక సౌరాష్ట్రమున వ్రాయబడియున్నది. ముఖలింగమును నగరముగా చేసికొని ఏలిన కళింగరాజుల నేలపై పుట్టిన పల్లెకారి పిల్లవాడు ఆ శిలకు కూతవేటు దూరములో రైలులో సాగిపోవుచుండును.

పోవువారు, నిలుచువారు

చెరపట్టబడుట అశోకునితో ముగిసిన మాట కాదు. కచ్ఛ్ అంచున సర్ క్రీక్ అను ఉప్పుటేరు దగ్గర మనకును పాకిస్తానుకును నడుమ సరిహద్దు ఇంకను తేలలేదు. నీటిపై గట్టు లేదు, రాయి లేదు. 2018 అక్టోబరు 11న పలాసకు చేరువగా తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసిన సంవత్సరముననే, నవంబరు చివర వేరావలు బోట్లపైనున్న శ్రీకాకుళ విజయనగర జాలరులు పాకిస్తాను నౌకాసిబ్బందికి చిక్కి కరాచీ చెరసాల పాలైరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలై వచ్చిరి. ఆ కథయే 2025లో 'తండేల్' చలనచిత్రమునకు ఆధారమైనది. వారు ఇల్లు చేరి మూడు మాసములు గడువకమునుపే, దేశమంతట లాక్‌డౌను విధింపబడి, వేలకొలది మన మత్స్యకారులు వేరావలు రేవులో బోట్లమీదనే వారములకొలది నిలిచిపోయి, తుదకు బస్సులలో దేశమును అడ్డముగా దాటి రావలసివచ్చెను.

పది మాసములు పురుషులు లేని పల్లెను నిలబెట్టువారు స్త్రీలు. ఎండుచేపల గంపను నెత్తినుంచికొని సంతలకు పోవువారు, అప్పుల లెక్క చూచువారు, తుపాను హెచ్చరిక వచ్చినపుడు ముసలివారిని మెరకకు చేర్చువారు వారే. పల్లెలోని శుభకార్యములు కూడ పురుషుల రాకపోకల లెక్కను పాటించును. వజ్రపుకొత్తూరు మండలములోని నువ్వలరేవులో కేవిటి కులస్థులు రెండు మూడేండ్లకొకసారి ఒకే ముహూర్తమున పదులకొలది పెండ్లిండ్లు చేయుదురు. దూరతీరములకు పోయిన వారందరును ఊరు చేరు తరుణమదియే.

ఈ వలసను సోమరితనమనియో, అత్యాశ యనియో చెప్పువారికి పై రెండు గీతలే ప్రత్యుత్తరము. కాని గీతలను మార్చలేము గనుక చేయదగినది లేదనుకొనుట కూడ సరి కాదు. రేవు కట్టవచ్చును: బుడగట్లపాలెమున చేపలరేవునకు, మూలపేటలో ఓడరేవునకు 2023 ఏప్రిలులో శంకుస్థాపనలు జరిగినవి. రేవు వేదికను వెడల్పు చేయజాలదు. అయినను రెండు వారములు నిలువగల నావకు చోటిచ్చును. అట్టి నావ ఉన్నవానికి లోతు దగ్గరగా నుండుటయే లాభమగును. అడుగును రాచు వలకు పనికిరాని ఆ అగాధపు నీటిలోనే తూరచేపలు గుంపులుగా తిరుగును. గాలమువేటకు అడుగుతో పని లేదు, అడుగున పెరుగు పిల్లచేపలకు హాని లేదు. గుజరాతు జాలరి వంద కిలోమీటర్లకు మించి పోయి చేరవలసిన లోతు మన జాలరికి నలుబది కిలోమీటర్లలోనే యున్నది. ఆ లోతున వేటకు తగిన నావను, మంచును, నేర్పును, న్యాయమైన ధరను అతనికి సమకూర్చుట మన పని.

ఆ వృద్ధుని గీతలను నేను కాగితముపై దించుకొంటిని. ఒక ఉపాధ్యాయునకు చూపగా, ఆయన తన తరగతిలోని పటముపై నీలిరంగును రెండుగా విభజించి, వేదిక ఉన్నంతమేర లేతరంగును పూసెను. తూర్పున ఆ లేతరంగు దారపుపోగువలె సన్నగా, గుజరాతు ఎదుట అరచేతి వెడల్పుగా నిలిచెను. తండ్రి వేరావలులో నున్న ఒక బాలిక లేచి వచ్చి, తూర్పుననున్న సన్నని పోగును, తరువాత పడమటనున్న వెడల్పును వ్రేలితో తడిమి చూచి, "మా నాయన ఇక్కడ ఉన్నాడండి" అని ఆ లేతనీలిపై వ్రేలుంచినది. ఉత్తరాంధ్రలోని ప్రతి తీరపు పాఠశాలకు అట్టి పటమొకటి కావలెను.